హనుమక్క పేర్చిన బాక్సు

మదనపల్లెలో టమోటాలు ఏరే ఆడవాళ్లు వందల్లో ఉంటారు. ఏరినట్టు నటించడానికి నెల జీతం పుచ్చుకునే మనిషి మాత్రం హనుమక్క ఒక్కతే. బైపాసు రోడ్డు పక్కన పాతబడిన రేకుల మండీ ఒకటి ఉంది. సాయంత్రం ఐదింటికి ఆమె అక్కడికి వచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని, తలకు తువ్వాలు చుట్టి, గోనెపట్టా మీద కూర్చుంటుంది. ఎదురుగా టమోటా రాశి, పక్కన ఆరు ప్లాస్టిక్ బాక్సులు. దారిన పోయేవాళ్లకు అది మామూలు మండీ. ఇక్కడ పొద్దున పూట వేలం ఎందుకు జరగదని అడిగినవాడు ఇంతవరకూ లేడు.

ఆమె వీపు వెనక ఖాళీ బాక్సుల దొంతర ఒకటి పైకప్పుదాకా ఉంటుంది. దాని అడుగున చక్రాలున్నాయి. వచ్చినవాళ్లు ఆ రోజుకు నిర్ణయించిన మాట చెబితే హనుమక్క లేచి దొంతరను పక్కకు తోస్తుంది. వెనక ఒక తలుపు. ఆ తలుపు తీస్తే ఏసీ చలి, మసక దీపాలు, ఎత్తు కుర్చీలు, అద్దాల బీరువాలో సీసాలు. అది బారు. లైసెన్సు ఉంది, పన్ను కడతారు, పోలీసులకు తెలుసు, ఎక్సైజు వాళ్లకు తెలుసు. దాచాల్సిన అవసరం వీసమెత్తు లేదు. దాచడమే అక్కడ వేడుక.

ఈ వేడుక కనిపెట్టినవాడు లోహిత్. కుప్పం మనిషి, ముప్పై రెండేళ్లు ఉంటాయి. బెంగుళూరులో ఇలాంటి చాటు బార్లు చూసి వచ్చి, మనవాళ్లకు మాత్రం తక్కువేమిటని మూడు పెట్టాడు. కుప్పంలో మంగలి షాపు వెనక ఒకటి, పుంగనూరులో పశువుల దాణా అంగడి వెనక ఒకటి, మదనపల్లెలో ఇది. కుప్పంలో గడ్డం గీయించుకుని పోయేవాళ్లే ఎక్కువని వినికిడి. పుంగనూరులో దాణా అంగడి చూసుకునే మునస్వామి, వచ్చినవాళ్లకు తవుడు మూటలు కట్టి పంపించేస్తున్నాడట. ఆయన దృష్టిలో అదే అసలు వ్యాపారం. మదనపల్లె బారు ఒక్కటే కాస్త నిలదొక్కుకుంది.

హనుమక్కను పనిలో పెట్టుకున్న రోజున లోహిత్ చెప్పింది ఒకటే. "హనుమక్కా, నువ్వు నిజంగా ఏరాల్సిన పన్లేదు. కాయిలు ఇట్ల తీసి అట్ల ఏస్తా ఉండు. సూసేవోళ్లకు మండీ మాదిరి కనబడితే సాలు."

ఆమె సరేనంది. అన్న గంటకే మచ్చకాయ ఒకటి చేతికి తగిలింది. దాన్ని మంచికాయల్లో వేయడానికి చెయ్యి రాలేదు. పక్కన పెట్టింది. తరువాత పగుళ్లు పట్టింది ఇంకొకటి. రాత్రి పదింటికి లోహిత్ వచ్చి చూస్తే ఆరు బాక్సులూ మొదటి రకం, రెండో రకం, మూడో రకంగా ఏరి, పేర్చి ఉన్నాయి. "ఇదేందక్కా!" అని నెత్తి కొట్టుకున్నాడు. లోపల గ్లాసులు కలిపే వెంకటేష్ మాత్రం మహా సంబరపడ్డాడు. అతనిది పెద్దపంజాణి దగ్గర పల్లె, పదేళ్లు బెంగుళూరు హోటళ్లలో పనిచేసి వచ్చినవాడు. టమోటా రసాన్ని పలుచని బట్టలో రాత్రంతా వేలాడదీసి, నీళ్లంత తేటగా దింపి, పచ్చిమిరప చీరి, ఉప్పురాయి వేసి అతను కలిపే గ్లాసుకు మంచి పేరుంది. దానికి హనుమక్క ఏరిన మొదటి రకం తప్ప ఇంకేదీ ముట్టడు. మిగిలినవి పొద్దున్నే హోటల్ వాళ్లు పట్టుకుపోతారు. నటించమంటే ఏరిన మనిషిని ఏమనాలో తెలియక లోహిత్ ఊరుకున్నాడు.

ఆమె నటించలేకపోవడానికి కారణం ఉంది. కలకడ దగ్గర పల్లెలో పుట్టి, గొర్రెలు మేపే ఓబులప్పను పెళ్లాడి, వానలు లేక మదనపల్లె చేరి, దొరస్వామి మండీలో ఇరవై రెండేళ్లు టమోటాలు ఏరింది. మొదట కూలికి పోయింది, తరువాత ఆమె చెయ్యి చూసి నెలజీతం కిందికి మార్చారు. ఊజి పురుగు తొలిచిన కాయకు తొడిమ పక్కన సూదిమొనంత రంధ్రం ఉంటుంది. ఎండలో నిలబెట్టి చూపినా సగం మందికి కనబడదు. హనుమక్కకు వేలు తగిలితే చాలు.

ఆమెకు ఇంకో అలవాటుంది. బాక్సులో అడుగు వరస పేర్చేటప్పుడు ప్రతి కాయనూ తొడిమ వైపు కిందికి పెడుతుంది. తొడిమ వైపు గట్టి, కొస మెత్తన. కొస కిందికి ఉంటే లారీ కుదుపుకు బాక్సు ప్లాస్టిక్ పట్టీలు కాయను కోసేస్తాయి. పక్కనుండే ఆడవాళ్లు "పెండ్లికూతురికి పూలు సర్దినట్టు సర్దతావే" అని ఎగతాళి చేసేవాళ్లు. ఎగతాళి చేసినవాళ్లలో ఒక్కరూ ఆ పని నేర్చుకోలేదు. వాళ్లవి పది బాక్సులు నిండే వేళకు ఆమెవి ఎనిమిదే నిండేవి.

మండీలో ఒక రివాజు ఉంది. వేలం పాట నడిచేటప్పుడు కొనేవాడు ఎవడైనా ఒక బాక్సును అడుగుదాకా గుమ్మరించి చూడొచ్చు. చూసి పాట పెంచాడా, సరుకు మంచిది. చూసి నోరు మెదపకుండా పక్కకు తప్పుకున్నాడా, కాయ చెడ్డదని పదిమందికీ చెప్పినట్టే. ఆ తరువాత ఆ సరుకు మీద ఎవడూ చెయ్యి వెయ్యడు. ఇరవై రెండేళ్లలో హనుమక్క బాక్సు గుమ్మరించి నోరు మెదపకుండా పోయినవాడు ఒక్కడూ లేడు. ఆమెకున్న ఆస్తి అదే.

ఆ ఆస్తి రెండేళ్ల కిందట ఒక్క పూటలో పోయింది. దొరస్వామి ఢిల్లీకి పంపిన లారీలో ఇరవై బాక్సుల అడుగున ఊజి కాయలు బయటపడ్డాయి. కొన్నవాడు ఫొటో తీసి పంపాడు. దొరస్వామి ఆ ఫొటో చూసుకుని, వేలం జరుగుతున్న చోటికి వచ్చి, రైతులూ కొనుగోలుదార్లూ హమాలీలూ అందరూ వింటుండగా అరిచాడు. "ఇవి హనుమక్క సెయ్యి పెట్టిన బాక్సులు! పైన మంచివి, అడుగున కుళ్లువి! ఇన్నేండ్లు అన్నం పెట్టినందుకు ఇదా? రేపట్నించి ఈ గేటు తొక్కొద్దు!"

ఆమె ఒక్కటే అడిగింది. "ఆ ఫొటో నాకు సూపిచ్చప్పా. అడుగు వరస ఎట్ల పేర్చుండారో సూస్తే నాదో కాదో తెలస్తాది."

ఆయన చూపించలేదు. లారీ బయలుదేరిన సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాక సరుకు చాలలేదని, పారబోయాల్సిన కాయలను అడుగున పోసి ఇరవై బాక్సులు నింపినవాడు ఆయన బావమరిది కుమార్ అని హమాలీలందరికీ తెలుసు. చెప్పే దమ్ము ఎవరికుంది? ఆ తరువాత ఏ మండీకి పోయినా "నువ్వు దొరస్వామి మండీ హనుమక్కవు గదా" అన్నారు, మళ్లీ కబురు చేస్తామన్నారు, చేయలేదు. బారు ముందర కూర్చునే ఉద్యోగం అలా వచ్చింది. జీతానికి లోటు లేదు. ఆమెకు కావాల్సింది జీతం కాదు. పదిమందిలో అన్న మాటను పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి. ఓబులప్ప మాత్రం "యాల్నే ఆ కతంతా? పోనీ ఇడ్సు" అంటాడు. గొర్రెల వెంట తిరిగే మనిషికి పేరు పోవడమంటే ఏమిటో తెలియదని ఆమె కోపం.

మొన్న సెప్టెంబరులో సీజను ముగిసింది. సీజను ముగిశాక మండీ యజమానులు ఒక రాత్రి కలిసి బయటికి పోవడం ఏటా ఉన్నదే. ఎప్పుడూ బెంగుళూరు పోయేవాళ్లు. ఈసారి లోహిత్ వాళ్ల వెంటపడ్డాడు. మన ఊళ్లలోనే చాటు బార్లుండగా అంత దూరమెందుకని, తన ఖర్చుతో వ్యాను పెడతానని, మదనపల్లెలో మొదలుపెట్టి, పుంగనూరులో ఆగి, కుప్పంలో ముగిద్దామని ఒప్పించాడు. ఎనిమిదిమంది తయారయ్యారు. అందరికంటే పెద్ద గోవిందప్ప. ఆయన మండీలో పాట పాడితే బస్టాండుదాకా వినిపిస్తుంది. ఆ ఎనిమిదిమందిలో దొరస్వామి కూడా ఉన్నాడు. ఆ సంగతి లోహిత్ పొద్దున్నే చెప్పాడు.

"నీకు కష్టంగా ఉంటే ఈ పొద్దుకు రావద్దులే అక్కా" అన్నాడు.

"నేనెందుకు రాను? నేనేమన్నా దొంగతనం సేసినానా?" అంది హనుమక్క. అన్నదే గానీ, ఆ సాయంత్రం తువ్వాలు రెండుసార్లు విప్పి మళ్లీ చుట్టుకుంది. ఆరు బాక్సులూ ఎప్పటికంటే ముందే నింపేసింది.

ఇంకా పొద్దు వాలకముందే వ్యాను వచ్చి ఆగింది. ఇస్త్రీ చొక్కాలు, అత్తరు వాసన, చేతిలో రెండేసి ఫోన్లు. లోహిత్ ముందు దిగి, వాళ్లకు ఆ రోజు మాట చెవిలో చెప్పి, తను వెనక దారిన లోపలికి పోయాడు. గ్లాసులు సిద్ధం చేయించాలి కదా. ఆ ఎనిమిదిమంది హనుమక్క దగ్గరికి వచ్చి, మాట చెప్పి, దొంతర తోయించుకుని, ఆశ్చర్యపోతూ లోపలికి రావాలి. అదీ ఏర్పాటు.

లోహిత్ ఒక్కటి మరిచిపోయాడు. వాళ్లు టమోటా మనుషులు. తాగడానికి వచ్చారో, పెళ్లికి వచ్చారో, చావుకు వచ్చారో గానీ, నిండిన బాక్సు కనబడితే చెయ్యి దానంతటదే అందులోకి పోతుంది. గోవిందప్ప మొదటి బాక్సు దగ్గరే ఆగి మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. ఒక కాయ తీసి నొక్కి, వాసన చూసి, పక్కవాడికి ఇచ్చాడు. పక్కవాడు కొరికాడు.

"ఎవురిదబ్బా ఈ సరుకు? ఈ వానల్లో ఇంత గట్టి కాయి యాడ దొరికె?"

"సోమల ఊరి పక్కదిలే. తోలు సూడు."

"ఏ మండీకి పోతాండాదమ్మా ఇది?" అని ఒకడు హనుమక్కనే అడిగాడు. ఆమె జవాబు చెప్పేలోపే గోవిందప్ప కండువా భుజాన వేసుకుని గొంతు సవరించుకున్నాడు. నవ్వులాటకే మొదలుపెట్టాడు పాపం. "ఆరు బాక్సులూ ఒగటే పాట! మూడు నూర్లు! మూడు నూర్లు!" అన్నాడు. ఒకడు మూడున్నర అన్నాడు. ఇంకొకడు నాలుగన్నాడు. నాలుగన్నవాడి మొహం చూసి ఐదన్నాడు మరొకడు. రెండు నిమిషాల్లో నవ్వులు ఆగిపోయాయి, మెడనరాలు ఉబ్బాయి. పొద్దున లారీలకు లారీలు కొనే మొనగాళ్లు ఆరు బాక్సుల కోసం ఒకరి మీద ఒకరు పడి అరుచుకుంటున్నారు. లోపల వెంకటేష్ కలిపిపెట్టిన ఎనిమిది గ్లాసుల్లో మంచు కరిగిపోతోంది.

దొరస్వామి అంతవరకూ పాటలో దిగలేదు. వ్యాను దిగినప్పుడే హనుమక్కను చూశాడు, చూడనట్టు ఫోనులో తల పెట్టాడు. కానీ పాట చెవిన పడుతుంటే ఎంతసేపు ఆగగలడు? ఫోను జేబులో పెట్టి, "ఆరు నూర్లు!" అన్నాడు. ఎప్పటి అలవాటు చొప్పున పంచె ఎగదోపి, కొసన ఉన్న బాక్సు ఎత్తి గోనెపట్టా మీద గుమ్మరించసాగాడు. ఆయన గుమ్మరించే తీరు పద్ధతిగా ఉంటుంది. పై వరసలు చేత్తో జార్చేసి, అడుగు వరసను కదలనివ్వడు. అసలు సరుకు అక్కడే తెలుస్తుందని ఆయన నమ్మకం.

అడుగు వరస బయటపడింది. ప్రతి కాయా తొడిమ కిందికి, కొస పైకి. ఒక్కటీ పక్కకు ఒరగలేదు.

దొరస్వామి చెయ్యి ఆగిపోయింది. ఒక కాయ తీసి తిప్పి చూసి మళ్లీ అక్కడే పెట్టాడు. మెల్లగా లేచి, పంచె దించుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు. నోరు మెదపలేదు.

పాట ఠక్కున ఆగింది. అక్కడున్నవాళ్లందరికీ రివాజు తెలుసు. ఆరున్నర అనబోయినవాడు నోరు మూసుకున్నాడు. కాయ కొరికినవాడు చేతిలో మిగిలిన ముక్క వంక అనుమానంగా చూశాడు.

"ఏమప్పా, అడుగున బాగలేదా?" అన్నాడు గోవిందప్ప.

దొరస్వామి పలకలేదు. హనుమక్కకు ఒళ్లంతా మంటెత్తింది. ఆ పొద్దు అరిచి తీశాడు పేరు, ఈ పొద్దు అరవకుండా తీస్తున్నాడు. ఇంకొక్క గడియ అలాగే నిలబడితే చాలు, ఈ ఎనిమిదిమందీ రేపు పొద్దున ఎనిమిది మండీల్లో చెబుతారు, హనుమక్క ఇంకా మారలేదని. ఆమె లేచి నిలబడింది. తువ్వాలు విప్పి చేతికి చుట్టుకుంది.

"గమ్మున ఉంటే ఎట్లప్పా? గుమ్మరించినోడివి నువ్వే. అడుగున ఏముండాదో సెప్పు."

అప్పుడు గుర్తుపట్టారు మిగతావాళ్లు. "ఈయమ్మ హనుమక్క గదా!" అన్నారెవరో. దొరస్వామి నేల చూపులు చూస్తూ "కాయి మంచిదే" అన్నాడు. ఆ మాట పక్కవాడికి కూడా సరిగా వినపడలేదు.

"గెట్టిగా సెప్పు. ఆ పొద్దు గెట్టిగానే అంటివి. ఢిల్లీ లారీ ఫొటో ఉండాదా, తీసేస్తివా?"

"ఉండాది."

"నాకు సూపీయకపోతే మానె. గోవిందప్పకు సూపిచ్చు."

దొరస్వామి వ్యాను వంక చూశాడు. ఫోను ఇవ్వకుండా వ్యాను ఎక్కి కూర్చున్నా ఆపేవాళ్లు లేరు. కానీ గుమ్మరించిన బాక్సు ఆయన కాళ్ల దగ్గరే ఉంది, ఏడుగురూ ఆయన నోటి వంకే చూస్తున్నారు. జేబులోంచి ఫోను తీసి, వెతికి, గోవిందప్ప చేతిలో పెట్టాడు. పెద్దగా వెతకాల్సిన పని కూడా పడలేదు. గోవిందప్ప ఫోను దూరంగా పట్టుకుని ఫొటో చూశాడు. వంగి అడుగు వరస చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు. మిగతా ఆరుగురూ ఆయన భుజాల మీదుగా తలలు పెట్టారు.

"దీంట్లో కాయిలు అడ్డంగా, తలకిందలుగా, ఎట్ల పడితే అట్ల పోసుండారే. ఇది పేర్చిన బాక్సు కాదు. చేటతో పోసింది" అన్నాడు గోవిందప్ప. "దొరస్వామీ, ఇరవై రెండేండ్లు నీ మండీలో ఏరిన మనిషి పనితనం నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి?"

దొరస్వామి చేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఆ బాక్సులు ఈయమ్మవి కాదు. మా కుమార్ నింపినాడు. ఈయమ్మను పొమ్మన్న రాత్రే నాకు తెలిసె. ఇంట్లో రచ్చ అయితాదని గమ్మునుంటిని."

హనుమక్క కళ్లలో నీళ్లు తిరిగాయి, తువ్వాలుతో గట్టిగా తుడుచుకుంది. రెండేళ్లుగా ఈ మాట వినాలని ఎన్ని రాత్రులు అనుకుందో. తీరా వినేసరికి సంతోషం కంటే ఒళ్లు మండటమే ఎక్కువైంది. తెలియక అన్నాడనుకుంది ఇన్నాళ్లూ. తెలిసే ఊరుకున్నాడు.

ఇంతలో లోపలి నుంచి దొంతర తోసుకుని లోహిత్ బయటికొచ్చాడు. "ఏందన్నా, అందరూ ఈడే నిలబడిపోతిరి? అయ్యో, ఇది అమ్మే సరుకు కాదన్నా! ఊరికే అలంకారానికి పెట్టింది!"

"అలంకారమా? ఆరున్నరకు పోయే సరుకిది!" అని గోవిందప్ప కసిరాడు. నలుగురు నవ్వారు. ఆయన హనుమక్క వైపు తిరిగి, "నువ్వు ఎవురి మండీకి వస్తానన్నా నేను మాట్లాడతానమ్మా" అని, మిగతావాళ్లను తోలుకుని లోపలికి నడిచాడు. మాట చెప్పకుండానే పోయారు. ఎవరికీ అది గుర్తు లేదు, హనుమక్కా అడగలేదు.

దొరస్వామి పోలేదు. కాసేపు అటూ ఇటూ చూసి, గోనెపట్టా మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్లు పట్టేశాయి. ఒలికిన కాయలను బాక్సులోకి ఎత్తడం మొదలుపెట్టాడు. అడుగు వరసలో ఆయనే కదిలించిన చోట, తొడిమ కిందికి పెట్టి సర్దాడు. ఇంకో వరస కూడా అలాగే పెట్టబోయాడు. ఆమె వద్దనలేదు, సాయమూ చేయలేదు.

"సోమవారం నుంచి మండీకి రామ్మా" అన్నాడు తల ఎత్తకుండా.

"పొమ్మనింది వేలంలో, అందరి ముందర. రమ్మనేది గూడా ఆడనే అను. ఆమీట సూస్తాం."

"అంటాలే."

"అను. నాకు ఈడేం కరువు లేదు."

లోపలి నుంచి గ్లాసుల చప్పుడు, గోవిందప్ప నవ్వు వినిపించాయి. వెంకటేష్ గ్లాసు బాగా కుదిరినట్టుంది. వ్యాను డ్రైవరు పుంగనూరుకు ఆలస్యమవుతోందని ఒకసారి హారను కొట్టాడు. దొరస్వామి లేవలేదు. చేతికందినవి అందినట్టు ఎత్తుతున్నాడు. ఒలికిన కాయలూ పక్కనున్న ఏరని రాశీ ఎప్పుడో కలిసిపోయాయి, అది ఆయన గమనించలేదు.

హనుమక్క వంగి, ఆయన అప్పుడే పేర్చిన ఒక కాయను బాక్సులోంచి తీసింది. తిప్పి ఆయన ముందు పట్టుకుంది. తొడిమ పక్కన సూదిమొనంత రంధ్రం.

"ఇది ఊజి కాయి."

దొరస్వామి కళ్లద్దాలు పైకి తోసుకుని, దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. "నాకు కనబళ్ళేదమ్మా" అన్నాడు.

"ఇది కనబళ్ళేదు, సరే. అది కనబడినా గమ్మునుంటివి గదప్పా" అని ఆమె ఆ కాయను పారబోసే తట్టలో వేసి, మిగిలినవి ఏరడానికి కూర్చుంది.